వియ్యంకుల మధ్య నీలం వైరు

ఆ రోజు తాతారావు పెట్టుకున్న పని అరగంటకి మించదు. పొద్దున్న ఏడున్నరకి కాలేజీకి రావడం, కంప్యూటర్ ల్యాబ్‌లో కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే స్విచ్చు పెట్టెకి ఒక సెట్టింగు పెట్టడం, సైకిలెక్కి సెంటర్‌కి పోయి రెండు పెసరట్లు తినడం, పదింటికి తనిఖీ కమిటీ దిగేసరికి తిరిగొచ్చి ల్యాబ్ గుమ్మం పక్కన చేతులు కట్టుకు నిలబడటం. సాయంత్రం పర్మనెంటు ఆర్డరు పుచ్చుకుని ఇంటికి పోవడం. అంతే.

ఆ ఆర్డరు కోసం అతను తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాడు. అమలాపురం నుంచి అంబాజీపేట పోయే రోడ్డు పక్కన కొబ్బరితోట కొట్టించి కట్టిన ఆ ఇంజనీరింగ్ కాలేజీలో, గోడల్లో పాకిన ప్రతి వైరూ అతను లాగిందే. అయినా జీతాల పుస్తకంలో అతని పేరు పక్కన ఈ 2006లో కూడా ‘టెంపరరీ’ అనే ఉంది. నిరుడు బావమరిది దోహా నుంచి వీసా పంపిస్తే, కరస్పాండెంట్ గారు భుజం మీద చెయ్యేసి, “ఎందుకండీ ఆ ఎండల్లో? వచ్చే తనిఖీ గట్టెక్కనివ్వండి, మీ కాగితం మీ చేతిలో పెడతాం” అన్నారు. తాతారావు ఆ మాట నమ్మి వీసా వదిలేసుకున్నాడు. ఆ సంగతి అతని భార్య వీరమ్మ రోజూ అన్నం వడ్డించేటప్పుడు గుర్తు చేస్తూనే ఉంటుంది. ఇవాళ బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, “కాగితం పట్టుకునే రండి. లేకపోతే ఆ కాలేజీలోనే పడుకోండి” అంది.

తొమ్మిదో క్లాసులో బడి మానేసిన మనిషి తాతారావు. మోటార్లకి వైండింగు కట్టాడు, రేడియోలు బాగుచేశాడు, ఊళ్ళో కేబుల్ టీవీ వైర్లు లాగాడు, చివరికి కంప్యూటర్ల దగ్గర తేలాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి పక్కన మూడు రోజులు నిలబడి, అతను ఇంగ్లీషులో కొట్టిన ఒక్కో ముక్కా ‘కాన్ఫిగ్ టి’, ‘షో స్పానింగ్ ట్రీ’ అని తెలుగక్షరాల్లో నోటుబుక్కులో రాసుకున్నాడు. ఇప్పుడా పుస్తకం విప్పక్కర్లేదు. నలభై ఏడేళ్ళ వయసులో అతనికి కంఠతా వచ్చింది అదొక్కటే.

కాలేజీ మొత్తానికి పెద్ద స్విచ్చు పెట్టెలు మూడు. ఒకటి ల్యాబ్‌లో ఉంది. మిగతా రెండూ చైర్మన్ గారి గదిలో ఒకటి, కరస్పాండెంట్ గారి గదిలో ఒకటి. ఏసీలు ఉన్నవి ఆ రెండు గదులే మరి. మూడింటినీ నీలం వైర్లతో త్రిభుజంలా కలిపాడు తాతారావు. ఒక వైరు ఎలక కొరికినా రెండో దారిన పని నడవాలని అతని ఆలోచన. కానీ ఆ చుట్టూదారిలో ఓ ప్రమాదం ఉంది. గడియార స్తంభం సెంటర్లో ఒక లారీ ఎటు పోవాలో తెలీక చుట్టూ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఇంకో రెండు లారీల్ని కంటూ పోతే ఎలా ఉంటుందో అలాగవుతుంది. అందుకని పెట్టెలు వాటిలో అవే ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుని, దాన్నిబట్టి దారులు లెక్కగట్టుకుని, ఎక్కువైన దారిని మూసేస్తాయి. తక్కువ నంబరు ఉన్నది పెద్ద. నంబర్లు సమానమైతే మామూలుగా పాతది పెద్ద. కరస్పాండెంట్ గారి గదిలో ఉన్నది మూడింటిలోకీ పాతది. నాలుగేళ్ళుగా అదే పెద్దగా ఉంటోంది. ఆ సంగతి ఎవరికీ తెలీదు. తెలీని పెద్దరికం వల్ల ఎవరికీ నొప్పి లేదు.

తెలిసేలా చేసినవాడు రాజేంద్ర. ఎమ్సీయే చదివి, ఎనిమిది నెలల క్రితం ‘నెట్‌వర్క్ ఇన్‌ఛార్జి’ అనే పేరుతో వచ్చాడు. వచ్చిన రోజునే పర్మనెంటు. తాతారావుని ‘బాబాయ్ గారూ’ అంటాడు. ఆ పిలుపు వినపడగానే తాతారావుకి మోచేతి దాకా దురద పుడుతుంది. ఆ రాజేంద్ర, కమిటీ వారికి చూపించడానికని, నెట్‌వర్క్ బొమ్మని నాలుగడుగుల ఫ్లెక్సీ మీద అచ్చేయించి వరండాలో కట్టాడు. పైన ఎర్రగడి, కింద రెండు పచ్చగడులు.

తాతారావు ల్యాబ్‌లో కూర్చుని, పెట్టెకి వైర్లు గుచ్చే నలభై ఎనిమిది పోర్టుల్లో నలభై ఆరింటికి ఆ సెట్టింగు పెట్టేశాడు. మామూలుగా పోర్టుకి అనుమానం జాస్తి. కంప్యూటర్ ఆన్ చేస్తే, అవతల ఉన్నది కంప్యూటరేనా, ఇంకో స్విచ్చా అని అరనిమిషం తేరిపార చూసి గాని తలుపు తియ్యదు. ఈ సెట్టింగు పెడితే చూడకుండా తీస్తుంది. చివరి రెండు పోర్టులూ మిగతా పెట్టెలకి పోయేవి కాబట్టి వాటిని మాత్రం వదిలేశాడు. అక్కడ అనుమానం ఉండి తీరాలి. పని ఎనిమిదింటికల్లా అయిపోయింది. సైకిల్ తాళం తీస్తుండగా వరండాలోంచి పిలుపు వినబడింది.

“ఏవోయ్ తాతారావూ! ఇలా రా.”

చైర్మన్ జగ్గారావు గారు. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. కరస్పాండెంట్ కామేశ్వరరావు గారిది రాయవరం, వరి రైతు. జగ్గారావు గారి అబ్బాయికి కామేశ్వరరావు గారి అమ్మాయినిచ్చారు. పెళ్ళయిన ఏడాదే వియ్యంకులిద్దరూ కలిసి కాలేజీ కట్టారు. వాళ్ళ మర్యాద చూసి తీరాలి. ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర ఎదురుపడితే, “మీరు పదండి బావగారూ” అంటే “అబ్బే, మీరు పదండి” అంటూ నిలబడిపోతారు. వెనకున్న వాళ్ళకి కిటికీలోంచి దూకి పోదామనిపిస్తుంది. కానీ శుభలేఖలో ఎవరి పేరు ముందేశారు, గ్రూపు ఫోటోలో ఎవరు మధ్యన కూర్చున్నారు అన్నది ఇద్దరూ ఇళ్ళకి పోయాక లెక్క చూసుకుంటారు.

జగ్గారావు గారు ఫ్లెక్సీ ముందు నిలబడి ఉన్నారు. పక్కన రాజేంద్ర.

“ఈ పైనున్న ఎర్రగడి నెట్‌వర్క్ మొత్తానికీ హెడ్డట. కరస్పాండెంట్ గారి గదట. నన్ను కింద పడేశారు, ల్యాబ్ పక్కన. ఎవరు పెట్టేరిలా?”

“బాబాయ్ గారండి. నేను రాకముందే పెట్టేరండి” అన్నాడు రాజేంద్ర.

“ఎవరూ పెట్టలేదండి” అన్నాడు తాతారావు. “పెట్టెలే ఎన్నుకున్నాయండి.”

“పెట్టెలు ఎన్నుకోవడమేంటయ్యా? మన కాలేజీలో ఓట్లెప్పుడు పెట్టేం?”

“వాటిలో అవి పాతదాన్ని పెద్దగా ఎంచుకుంటాయండి.”

“పాతదా? ఆయన నాకంటే మూడు నెలలు చిన్న!”

“మనుషుల వయసు కాదండి, పెట్టె వయసండి. దానికి వేరే అర్థమేం లేదండి. అది ఉత్త వైర్ల లెక్కండి.”

“వైర్లయితేనేం, గోడ మీద పేరుంది కదా. నేను మగపిల్లాడి తండ్రిని తాతారావూ. కమిటీ వారు వచ్చి నన్ను కింద చూస్తే ఏం బావుంటుంది? నాది పైకి పెట్టు.” ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. “అన్నట్టు నీ ఆర్డరు మీద సాయంత్రం సంతకం పెట్టాలంటగా. గుర్తుంది, గుర్తుంది.”

తాతారావు పళ్ళు నూరుకుని చైర్మన్ గారి గదిలో పెట్టె ముందు కూర్చున్నాడు. దాని నంబరు ముప్పై రెండు వేల చిల్లర నుంచి నాలుగు వేల తొంభై ఆరుకి దించాడు. రాజేంద్ర తెల్లకాగితం ముక్క మీద ‘చైర్మన్’ అని రాసి ఎర్రగడి మీద అంటించాడు. కొత్త పెద్ద వచ్చాడంటే పెట్టెలన్నీ దారులు మళ్ళీ లెక్కగట్టుకోవాలి. అందాకా పని ఆగుతుంది. ఆఫీసు సూపరింటెండెంటు అబ్బులు గారు పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చారు.

“తాతారావు గారండీ! ల్యాబ్‌లో అన్నీ పోయేయండి!”

“వచ్చేస్తాయండి. ముప్పై లెక్కపెట్టండి.”

అబ్బులు గారు అక్కడే నిలబడి, ఒకటీ రెండూ అంటూ పైకే లెక్కపెట్టారు. ముప్పై అనేసరికి ల్యాబ్‌లోంచి వచ్చాయన్న కేక వినపడింది. “ఆయ్! మంత్రంలా ఉందండి” అని ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు. వెళ్ళినాయన నేరుగా కరస్పాండెంట్ గారి ఇంటికి ఫోన్ చేసి జరిగింది చెప్పారని తాతారావుకి తెలిసేసరికి ఇంకో అరగంట పట్టింది. అప్పటికి ఆయన కాలేజీకొచ్చి, అతన్ని తన గదిలోకి పిలిపించారు.

కామేశ్వరరావు గారు కేకలెయ్యరు. ఆయన మనిషిని కూర్చోబెడతారు, కాఫీ ఇప్పిస్తారు, తర్వాత చంపుతారు.

“కూర్చోండి తాతారావు గారూ. మా బావగారు పైకి వెళ్ళేరట. చాలా సంతోషం. నేనే అందామనుకుంటున్నాను.”

“ఆయ్.”

“నాకైతే ఏ పట్టింపూ లేదండి. కానీ మా ఆవిడ సీతారత్నానికి ఎవరో ఫోన్ చేసి చెప్పేరు. పెళ్ళిలోనూ మనమే తగ్గేం, సీమంతంలోనూ మనమే తగ్గేం, ఆఖరికి కాలేజీ వైర్లలో కూడా మనమే తగ్గాలా అని అప్పట్నుంచి కాఫీ ముట్టుకోలేదట. ఆడకూతురు, ఏం చేస్తాం చెప్పండి.”

“మరి ఏం చెయ్యమంటారండి?”

“గోడ మీద మా బావగారి పేరే ఉండనివ్వండి. అది మర్యాద. లోపల మాత్రం మళ్ళీ మాది పెద్ద చేసెయ్యండి. ఆయనకి తెలీక్కర్లేదు.” కాఫీ గ్లాసు అతని వైపు జరిపి, “మీ ఆర్డరు టైపు చేయించి డ్రాయర్లో పెట్టేనండోయ్” అన్నారు.

తాతారావుకి కడుపులో మంట లేచింది. పెసరట్టు పడాల్సిన చోట ఉత్త కాఫీ పడింది మరి. ఈ మంట కాఫీదో, ఈ పెద్దమనుషులదో తేల్చుకునే తీరిక లేదు. కరస్పాండెంట్ గారి పెట్టె నంబరు సున్నాకి దించాడు. సున్నా కంటే తక్కువ లేదు. ఇంక ఇక్కడితో ఈ దరిద్రం ఆగుతుందనుకున్నాడు. వరండాలో అబ్బులు గారు ఎవరూ చెప్పకుండానే ఒకటీ రెండూ మొదలుపెట్టారు.

ఆగలేదు. రాజేంద్ర తన కంప్యూటర్లో చూసి, పోయి చైర్మన్ గారి చెవిలో వేశాడు. తొమ్మిదీ నలభైకి జగ్గారావు గారు ల్యాబ్‌లోకే వచ్చేశారు.

“సున్నా పెట్టేవంట ఆయనకి!”

“ఆయ్.”

“నాకూ సున్నా పెట్టు.”

“పెట్టొచ్చండి. కానీ సమానమైతే మళ్ళీ పాతదే నెగ్గుతుందండి. అది ఆయనదేనండి.”

“అయితే మైనస్ ఒకటి పెట్టు.”

“మైనస్ లేదండి.”

“ఎందుకు లేదు? కొబ్బరి రేటు పడినప్పుడు నాకు ఎన్నిసార్లు మైనస్ రాలేదూ! నీకు చాతకాకపోతే చాతకాదని చెప్పు.”

“పెట్టెలో లేదండి!” అని అరిచాడు తాతారావు. తొమ్మిదేళ్ళలో చైర్మన్ గారి మీద అరవడం అదే మొదలు. అరిచాక ఆర్డరు గుర్తొచ్చి, “లేదండి” అని మెల్లగా ఇంకోసారి అన్నాడు.

జగ్గారావు గారు మొహం ముడుచుకుని వరండాలోకి వెళ్ళారు. అక్కడ ఎదురుగా కామేశ్వరరావు గారు వస్తున్నారు. ఇద్దరి మొహాల్లోకీ దీపాలు వెలిగించినట్టు నవ్వులొచ్చేశాయి.

“మీరే పైన ఉండాలి బావగారూ. నేనేమన్నా అనుకుంటానా?”

“ఎంతమాట! మగపిల్లాడి తండ్రి మీరు. మీరు పైనుంటేనే నాకు గౌరవం.”

“అబ్బెబ్బే, ఆడపిల్లనిచ్చిన చెయ్యి మీది. మీరే ఉండాలి.”

తాతారావు గుమ్మానికి ఆనుకుని ఇదంతా చూస్తున్నాడు. ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని తలకాయలు రెండూ కొట్టేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే రాజేంద్ర ముందుకొచ్చాడు.

“సార్, నాదో ఐడియా అండి. అసలు ఎవరూ పెద్ద కాకుండా, మూడూ సమానంగా ఉండేలా చేసేద్దామండి. ఆ ఎన్నుకునే పద్ధతే తీసేస్తే సరి.”

వియ్యంకులిద్దరి మొహాలూ ఒక్కసారి విచ్చుకున్నాయి.

“వద్దండి!” అన్నాడు తాతారావు. “అది తీసేస్తే మూసిన దారి తెరుచుకుంటుందండి. వైర్లు చుట్టూ ఉన్నాయండి. మొత్తం కూలిపోద్దండి!”

“మీకు తెలీదులెండి బాబాయ్ గారూ. ఇది థియరీ.”

“నువ్వు థియరీ చదివేవు, ఆ వైర్లు నేను లాగేను! పది నిమిషాల్లో కమిటీ దిగుతుంటే—”

“తాతారావూ” అన్నారు జగ్గారావు గారు చెయ్యెత్తి. “ఎమ్సీయే చదివినబ్బాయి చెబుతుంటే, తొమ్మిదో క్లాసు మనిషివి నువ్వు అడ్డం పడతావేంటి? మా ఇద్దరికీ లేని బాధ నీకెందుకు?”

కామేశ్వరరావు గారు కూడా మెత్తగా, “కాస్త మర్యాద తాతారావు గారూ” అన్నారు.

మర్యాద! తాతారావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ల్యాబ్‌లోకి పోయి, స్విచ్చు పెట్టె ముందు కుర్చీ వేసుకుని, దీపాల కేసి చూస్తూ కూర్చున్నాడు. ఇళ్ళు తగలబడుతుంటే ముందు వరస టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నవాడిలా ఉన్నాడు.

అవతల రాజేంద్ర తన కంప్యూటర్ దగ్గర్నుంచే మూడు పెట్టెల్లోనూ ఆ పద్ధతి తీసేశాడు. ఎక్కువసేపు ఆగక్కర్లేకపోయింది. ముందు రెండు దీపాలు ఆత్రంగా మిణికాయి. తర్వాత వరసంతా మిణికింది. తర్వాత మిణకడం కూడా మానేసి, నలభై ఎనిమిదీ ఆగకుండా వెలిగిపోయాయి. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ కొయ్యబారిపోయాయి. ప్రిన్సిపాల్ గారి గదిలోంచి కేక, పరీక్షల విభాగంలోంచి కేక. వరండాలో అబ్బులు గారి లెక్క మాత్రం భక్తిగా సాగుతోంది.

“నూట డెబ్భై... నూట డెబ్భై ఒకటి... తాతారావు గారండీ, ఇంకా రాలేదండి!”

“వెయ్యి దాకా పెట్టినా రాదండి. ఆపండి!”

“కమిటీ వారు గేటు దగ్గర దిగిపోయేరండి!”

“కొబ్బరి బొండాలు కొట్టించండి.”

“కొట్టించేనండి. రెండోది తాగుతున్నారండి.”

“మూడోది కొట్టించండి!”

రాజేంద్ర మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. పద్ధతిని మళ్ళీ పెట్టెయ్యబోతే, వైర్లన్నీ నిండిపోయి ఒక్క పెట్టే అతని మాట వినట్లేదు. ఇంక దారి ఒక్కటే. త్రిభుజంలో ఒక వైరు పీకితే చుట్టు తెగిపోతుంది, లారీలు వాటంతటవే ఆగుతాయి. ల్యాబ్‌కి పోయే వైర్లు ముట్టుకోకూడదు, కమిటీ చూసేది ల్యాబే. పీకాల్సింది వియ్యంకుల గదులు రెండింటినీ కలిపే వైరు. తాతారావు వరండా మధ్య నిలబడి ఇటూ అటూ చూస్తూ గొంతు చించుకున్నాడు.

“అయ్యా! మీ ఇద్దరి గదులకీ మధ్య నీలం వైరొకటుందండి! పెట్టె దగ్గర చీటీ అంటించేనండి! ఇద్దర్లో ఎవరో ఒకరు దాన్ని పీకెయ్యండి! ఇప్పుడే!”

వియ్యంకులిద్దరూ చెరో గదిలోకి పరిగెత్తారు. ఒక్క క్షణంలో దీపాలు శాంతించాయి. మిణుకు మిణుకుమని మామూలు మనుషుల్లా వెలగడం మొదలెట్టాయి. తాతారావు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు చూశాడు. ల్యాబ్ పెట్టె మీద చివరి రెండు దీపాలూ ఆరిపోయి ఉన్నాయి.

అతను చైర్మన్ గారి గదికి ఉరికాడు. జగ్గారావు గారి చేతిలో నీలం వైరు కొన వేలాడుతోంది. దాని మీద చీటీ ‘ల్యాబ్’.

“ఇది కాదండీ! ఆ పక్కది! ‘కరస్పాండెంట్ గారు’ అని రాసుందే, అదండి!”

“చదివేనయ్యా. వియ్యంకుడి పేరున్న వైరు నా చేత్తో నేను తెంపుతానా? అమ్మాయి కడుపుతో ఉంది. ఎంత అశుభం! అందుకని పక్కది పీకేను.”

కరస్పాండెంట్ గారి గదిలో కామేశ్వరరావు గారు కూడా ఓ వైరు కొన పట్టుకుని, పక్కనున్న ఇంకో వైరు కేసి చూపిస్తూ నిలబడి ఉన్నారు. “‘చైర్మన్ గారు’ అని రాసుంది. బావగారిని ఎలా పీకుతానండి? ల్యాబ్‌దైతే మన పిల్లలదే కదా, ఏమీ అనుకోరు.”

మర్యాదకి లోటు రాకుండా, ఒకళ్ళకొకళ్ళు తెలీకుండా, ఇద్దరూ కలిసి ల్యాబ్‌ని గోదావరి మధ్య లంకలో దింపేశారు. వియ్యంకుల మధ్య వైరు మాత్రం చెక్కుచెదరలేదు. సరిగ్గా అదే నిమిషంలో కమిటీ మూడేసి బొండాల బరువుతో ల్యాబ్‌లోకి అడుగుపెట్టింది.

కమిటీ పెద్ద ప్రొఫెసర్ ప్రసన్న గారు. కళ్ళజోడు, నూలుచీర, తక్కువ మాటలు. ఒక కంప్యూటర్ ముందు కూర్చుని కాలేజీ సర్వర్ తెరవబోయారు. తెరుచుకోలేదు. పక్కది చూశారు. ఆ పక్కది చూశారు.

“నలభై ఆరు కంప్యూటర్లు ఉన్నాయని రాసేరు. ఉన్నాయి. కానీ ఒక్కటీ బయటికి పోవట్లేదే?”

రాజేంద్ర ఏమాత్రం తడుముకోలేదు. “తాతారావు గారు పొద్దున్నుంచీ పోర్టు సెట్టింగులు ఏవో కెలుకుతున్నారండి. ఆయన చదువుకోలేదండి. పాపం, తెలీక...”

తాతారావు ఇంక ఆగలేకపోయాడు. ఆర్డరు, దోహా, వీరమ్మ, పెసరట్టు అన్నీ కలిపి గొంతులోకి వచ్చేశాయి.

“నేను కెలికేనా? రండమ్మా, ఏం కెలికేనో చూద్దురుగాని!” అని వరండాలోకి దారితీశాడు. ఫ్లెక్సీ ముందు నిలబెట్టాడు. ఎర్రగడి మీద చైర్మన్ చీటీ ఉంది. దాని మీద ‘సమానం’ అని రాజేంద్ర ఇందాకే అంటించిన ఇంకో చీటీ ఉంది. ప్రసన్న గారు గోటితో వాటిని ఒక్కోటీ లేపి కింద ఏముందో చదువుతున్నారు. తాతారావు చెప్పుకుపోయాడు. నాలుగు వేల తొంభై ఆరు దగ్గర్నుంచి, సున్నా దగ్గర్నుంచి, మైనస్ ఒకటి దగ్గర్నుంచి, అశుభం దాకా. వెనక వియ్యంకులిద్దరూ నిలబడి ఉన్నారన్న సంగతి కూడా పట్టించుకోలేదు.

“మరి ఇప్పుడు మీ నెట్‌వర్క్‌లో పెద్ద ఎవరండీ?” అన్నారావిడ.

“ఎవరూ లేరమ్మా. ఇద్దరూ పెద్దమనుషులే. అందుకే ఈ ఖర్మ! ఎవరు పెద్దో ఆ పెట్టెలు అరనిమిషంలో తేల్చుకుంటాయండి. తేలిపోయేక మాట్లాడకుండా పనిచేసుకుంటాయండి. మనుషులకి తొమ్మిదేళ్ళయినా తేలలేదు. మధ్యలో నలిగేది వైర్లు లాగినవాడు!”

అబ్బులు గారు భయంతో మళ్ళీ లోలోపల లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ప్రసన్న గారు నవ్వలేదు గానీ, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎంతసేపు పడుతుంది బాగుచెయ్యడానికి?”

“ఏడు నిమిషాలండి. ఎవరూ సాయం చెయ్యకుండా ఉంటే.”

అతను ల్యాబ్ పెట్టెలో పద్ధతి తిరిగి పెట్టాడు. దాని నంబరు సున్నా చేశాడు. చైర్మన్ గారి గదిలో పద్ధతి పెట్టి, నంబరు మొదట ఉన్నదే చేసి, వైరు తగిలించాడు. కరస్పాండెంట్ గారి గదిలోనూ అలాగే. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆరు నిమిషాలయ్యేసరికి ల్యాబ్ మొత్తం సర్వర్‌తో మాట్లాడుతోంది. ప్రసన్న గారు ఒక వైరు పీకి చూశారు, తిరిగి పెట్టి చూశారు, రెండు పోర్టులు తన చేత్తో పరీక్షించారు.

“పోర్టులు చాలా శుభ్రంగా పెట్టేరు. కంప్యూటర్లవి వెంటనే పలుకుతున్నాయి, మిగతా రెండూ జాగ్రత్తగా వదిలేరు. ఇంత బాగా చేసినవి ఈ జిల్లాలో చూడలేదు.” వియ్యంకుల వైపు తిరిగారు. “ఈయన మీ మనిషేనా?”

“మా మనిషేనండి!” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“మరి స్టాఫు జాబితాలో పేరు కనపడలేదు?”

“ఇవాళే వేస్తున్నామండి” అన్నారు ఇద్దరూ, మళ్ళీ ఒకేసారి.

కమిటీ అరవై కొత్త సీట్లకి సంతకం పెట్టి, నాలుగో బొండాం వద్దని బతిమాలుకుని వెళ్ళిపోయింది. తాతారావు ఆ మధ్యాహ్నం పెసరట్లు మూడు తిన్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి తిట్టుకోకుండా తిన్నాడు. సాయంత్రం తల దువ్వుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి, అబ్బులు గారి బల్ల మీద ఒకటి కాదు, రెండు ఆర్డర్లు ఉన్నాయి. ఒకదాని కింద చైర్మన్ సంతకం, రెండోదాని కింద కరస్పాండెంట్ సంతకం. రెండిటిలోనూ అతని పేరు, పర్మనెంటు అన్న మాట, ఇవాళ్టి తారీఖు. తాతారావుకి కళ్ళు చెమర్చాయి. చెయ్యి చాచాడు.

అబ్బులు గారు కాగితాల మీద అరచెయ్యి పెట్టేశారు.

“కాస్త ఆగండి తాతారావు గారూ. చైర్మన్ గారు ఆర్డరిచ్చేక, బావగారు కూడా ఇచ్చేరని తెలిసిందండి. బావగారు ఇచ్చేక నాది ఉంటే ఏం బావుంటుంది, ఆయన మీద పోటీకి ఇచ్చినట్టుంటుంది అని, తనది రద్దు చేయించేరండి.”

“పోనీ, కరస్పాండెంట్ గారిది ఉందిగా. అదివ్వండి.”

“ఆయనకీ అలాగే అనిపించిందండి. మగపిల్లాడి తండ్రి ఇచ్చేక నాదెందుకని, అదే టైముకి ఆయనా రద్దు చేయించేరండి.” అబ్బులు గారు రెండు కాగితాలూ తిప్పి చూపించారు. రెండింటి వెనకా ఎర్రసిరా గీతలు, పక్కన పొట్టి సంతకాలు.

తాతారావు రెండు కాగితాలూ తిరగేసి చూశాడు. “ఇద్దరూ పక్కగదుల్లోనే ఉన్నారుగా. ఎవరో ఒకర్ని మళ్ళీ ఇమ్మనండి” అన్నాడు.

“నాలుగింటి నుంచీ అదే జరుగుతోందండి. మీరివ్వండి బావగారూ అని ఈయన, అబ్బే మీరే ఇవ్వాలి అని ఆయన. వినండి.”

గోడవతల నుంచి మెత్తగా, తీయగా, ఆగకుండా మాటలు వినిపిస్తున్నాయి. తాతారావు చాలాసేపు విన్నాడు. తర్వాత జేబులోంచి ల్యాబ్ తాళాలు తీసి బల్ల మీద పెట్టి, ఇంటికి పోతే వీరమ్మ రానివ్వదని గుర్తొచ్చి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

మర్యాదలో మాత్రం ఎవరికీ ఏ లోటూ జరగలేదు.